తామర కమ్మిన చెరువు

లాక్ మాలో, లూసియానా
మార్చి 6, 1949, ఆదివారం

ఒజియాకి,

నీ వదిన క్లెలీ రాసేది. నేనూ, మీ అన్నా, పిల్లా, ముగ్గురం తింటున్నాం, తిరుగుతున్నాం. ఎర్లిన్‌కి ముందరి పన్ను ఊడింది. దాన్ని చేపల పడవ వాడికి అమ్మబోయింది. వాడు కొనలేదని రోజంతా ఏడుపు. ఉపవాస దినాలు కదా, మాంసం లేదు. ఉన్నరోజున మాత్రం ఏం వెలగబెట్టాంలే.

మీ అన్న నా పక్కనే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఏం రాస్తున్నావని అడిగాడు. "మీ చెల్లెలికి గంబో పులుసు ఎలా చెయ్యాలో చెబుతున్నా" అన్నాను. "దానికి పదేళ్ళప్పుడే వచ్చు" అన్నాడు. ఎవారిస్త్‌కి చదువు రాకపోవడం ఇన్నాళ్ళకి నాకు కలిసొచ్చింది. ఇది ఆయనకి చదివి వినిపించను. నువ్వూ జవాబులో దీని ఊసెత్తకు.

సంగతేమిటంటే, మనం ఇక్కణ్ణుంచి కదలాలి. ఆ పెద్ద వరద తర్వాత గవర్నమెంటు వాళ్ళు అటూ ఇటూ కరకట్టలు కట్టారు చూడు, అప్పట్నుంచీ అచాఫలాయా నది తెచ్చే బురదంతా మన నెత్తినే పడుతోంది. నువ్వు పెళ్ళై వెళ్ళిన నాటికి పసుపు తామర ఎక్కడుండేది? గుడి మలుపు దగ్గర ఒక మూల. నిరుడు వేసవికి ముసలి వాల్సిన్ ఇంటి ముందుకొచ్చింది. ఈ ఏడు మన మెట్ల చుట్టూ అప్పుడే చుట్టాకులు పైకి లేస్తున్నాయి. దోనె గెడ వేస్తే ఒకప్పుడు అడుగు తగిలేది కాదు. ఇప్పుడు చెయ్యి తడవకుండానే తగులుతుంది.

వాల్సిన్ ఏప్రిల్లో ఇళ్ళు లాగే టగ్గు పడవని పిలిపించి తన పడవిల్లు కరకట్ట దగ్గరకి లాగించుకుపోతున్నాడు. మన ఇంటిని కూడా తన వెనకాల కట్టుకోమన్నాడు. వేసవిలో నీళ్ళు తీశాయంటే ఇల్లు బురదలో కూర్చుంటుంది, ఇక కదలదు. మీ అన్నకి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. నీ మాటంటే ఆయనకి వేదం. ఒక్క ముక్క రాయి, నీకు పుణ్యముంటుంది.

మీ ఆయన డోవిక్‌ని అడిగానని చెప్పు.

క్లెలీ

---

పోర్ట్ ఆర్థర్, టెక్సస్
ఏప్రిల్ 3, 1949

బంగారు వదినకి,

నీ ఉత్తరం చేతికందగానే నిలబడే చదివేశాను. మెట్ల దాకా వచ్చేసిందా తామర! వదినా, నువ్వు బురద గురించి ఏదేదో రాశావు గానీ నా కళ్ళకి ఆ పువ్వులే కనపడ్డాయి. ఇంట్లోంచి కాలు బయట పెడితే పువ్వు! అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో. ఇక్కడ కిటికీ తీస్తే రిఫైనరీ పొగ. ఆరేసిన దుప్పటికి కూడా ఆ వాసనే. మొన్న బజార్లో ఉడకబెట్టిన పల్లీలు కొనుక్కుని, కళ్ళు మూసుకుని, ఇవి తామర గింజలే అనుకుని తిన్నాను. ఎక్కడ పల్లీలు, ఎక్కడ అవి! తామర కాయ దుద్దులోంచి పచ్చి గింజ వొలుచుకుని, మధ్యలో ఆ చేదు మొలక తీసిపారేసి నోట్లో వేసుకుంటే ఆ కమ్మదనం వేరు.

డోవిక్ బాగున్నాడు. మిమ్మల్నందర్నీ అడిగానని రాయమన్నాడు.

కింద గీత గీశాను. గీత కింద ఉన్నది అన్నయ్యకి చదివి వినిపించు, నీమీద ఒట్టు.

________

అన్నయ్యా, నువ్వు అక్కణ్ణుంచి కదలొద్దు. వాల్సిన్ పోతే పోనీ, ఆయనకి పెళ్ళాం లేదు పిల్లల్లేరు, ఎక్కడైనా ఒకటే. అమ్మని ఆ దిబ్బ మీదే కదా పెట్టాం. నాకు పుట్టిల్లంటే ఆ నీళ్ళే. ఆగస్టులో గింజ ముదరకముందే నేను వస్తున్నాను, డోవిక్‌కి సెలవు దొరికితే తనూ వస్తాడు. దోనెలో ముగ్గురం వెళ్ళి ఒళ్ళో దుద్దులు పోసుకుని తిందాం. ఆ కరకట్ట మీద ఏముంది, దుమ్మూ, కుక్కలూ తప్ప.

నీ ఒజియా

---

లాక్ మాలో
మే 22, 1949

ఒజియాకి,

గీత కింద ఉన్నది చదివాను. ఒట్టు పెట్టావు కదా.

మీ అన్న ముఖం వెలిగిపోయింది. "చూశావా, దానికున్న తెలివి నీకు లేదు" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "గీత పైన ఏముంది, అదీ చదువు" అన్నాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పబోయాను. అబద్ధం చెబితే నాకు చెవులు ఎర్రబడతాయని ఆయనకి తెలుసు. నేను ముందు నీకేం రాశానో అన్నీ బయటికొచ్చాయి. "నా వెనకాల నా చెల్లెలితో మంతనాలా" అన్నాడు. ఆ మాట తర్వాత నాతో మాటల్లేవు. ఎర్లిన్ మధ్యలో రాయబారం. "అమ్మా, నాన్న ఉప్పు అందించమంటున్నాడు." ఉప్పు ఆయన మోచేతి దగ్గరే ఉంది.

ఈస్టర్ వెళ్ళాక వాల్సిన్ ఇల్లు కదిలింది. ఆయన వరండాలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు, మనవైపు ఒక్కసారి కూడా చూడలేదు. టగ్గు వాడు మన దగ్గర ఆగి, "ఇంకో ఇల్లుందన్నారు, తాడు వెయ్యమంటారా?" అని కేకేశాడు. మీ అన్న తల అడ్డంగా ఊపాడు. నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. ఇప్పుడు ఈ చెరువు మీద పొగ లేచేది ఒక్క మన ఇంట్లోంచే.

నువ్వు అడిగిన తామర దివ్యంగా ఉంది. ఆకులు నీటి మీద పరుచుకోవడం మానేసి కాడల మీద లేచి నిలబడ్డాయి. మీ అన్న గాలాలు వేసే చోటు రోజురోజుకీ చిన్నదైపోతోంది. జెల్ల చేపలు ఆ ఆకుల కింద ఊపిరాడక అవతల పెద్దకాలవలోకి పోతున్నాయి. ఆయన ఒప్పుకోడు, ఈ ఏడు ఎండ ఎక్కువంటాడు.

క్లెలీ

---

పోర్ట్ ఆర్థర్
జులై 10, 1949

వదినకి,

నీ ఉత్తరం చదివి జవాబు రాయకూడదనుకున్నాను. రెండుసార్లు రాసి చింపేశాను కూడా. మీ మొగుడూ పెళ్ళాల మధ్య నేను పుల్ల పెట్టానన్నట్టు రాశావు. నేనన్నదేమిటి? నా పుట్టిల్లు ఉండనీ అన్నాను. అది తప్పా?

నువ్వు ఎంతైనా కరకట్ట పిల్లవి. పెళ్ళైన కొత్తలో దోనెలో అడుగు పెట్టడానికి అమ్మ చెయ్యి పట్టుకునేదానివి, నాకింకా గుర్తుంది. మీ అక్క ఇంట్లో కరెంటు దీపం చూసొచ్చినప్పుడల్లా వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగేదానివి. ఇప్పుడు పాపం తామర మీద నెపం పెడుతున్నావు. పువ్వు పూస్తే చెరువు చచ్చిపోతుందా ఎక్కడైనా?

ఇక్కడ ఎండకి తారు కరుగుతోంది. డోవిక్ డ్యూటీకెళ్ళాడు. ఇల్లంతా నేనొక్కదాన్నే. పక్కింటామె రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, ఆ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఆపేస్తే తోచదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలీదు.

ఆగస్టులో వస్తానన్నాను. నీకిష్టం లేకపోతే అదీ రాసెయ్యి. మా అన్నయ్య ఇంటికి రావడానికి నీ సెలవు అడగాల్సొస్తుందని అనుకోలేదు.

ఒజియా

---

ఆసుపత్రి నుంచి
ఆగస్టు 9, 1949

ఒజియాకి,

నీ ఉత్తరం అందింది. దానికి జవాబు ఇది కాదు.

ఎర్లిన్‌కి ఆపరేషన్ అయ్యింది. బతికింది. ముందు ఆ మాట రాస్తున్నాను, తక్కినది నెమ్మదిగా చదువుకో.

కిందటి వారం పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. అప్పటికి గింజలు పాలుపోసుకుంటున్నాయి. పొద్దస్తమానం మెట్ల మీద కూర్చుని దుద్దులు కోసుకుని తింటోంది కదా, పచ్చి గింజలు ఎక్కువై ఉంటాయనుకున్నాం. నేను తిట్టాను కూడా. "తిను, ఇంకా తిను, మీ అత్త పోలికే" అన్నాను. మర్నాటికి ఒళ్ళు కాలిపోతోంది, కాలు చాపలేకపోతోంది. మీ అన్న మారు మాట్లాడకుండా పిల్లని దుప్పట్లో చుట్టి దోనెలో పడుకోబెట్టాడు.

మోటారు తిప్పిన కాసేపటికే దాని రెక్కకి తామర తూళ్ళు చుట్టుకుని ఆగిపోయింది. ఆయన తెంపాడు, మళ్ళీ చుట్టుకుంది. తెడ్డు వేస్తే తెడ్డు అక్కడే నిలబడుతోంది. ఇంక ఆయన నీళ్ళలోకి దిగేశాడు. రొమ్ముల దాకా బురద. తాడు భుజానికేసుకుని లాగడం మొదలుపెట్టాడు. ఆ ఆకులు ఆయన తల మీదుగా మూసుకున్నాయి ఒజియా, మనిషి కనపడడం లేదు, తాడు మాత్రం కదులుతోంది. లోపల గాలి లేదు. ఎటు పోతున్నాడో ఆయనకి తెలీదు. నేను దోనెలో నిలబడి, గుడి మలుపు దగ్గర ఆ పెద్ద సైప్రస్ చెట్టు మొదట్లోంచి కొస దాకా కనపడేలా చూసుకుంటూ, "ఎడమకి, ఇంకా ఎడమకి, ఇప్పుడు తిన్నగా" అని అరుస్తూ వెళ్ళాను. అన్నాళ్ళ తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్న మాటలవే. "క్లెలీ, ఉన్నావా?" అని మధ్యమధ్యలో అడిగేవాడు. "ఉన్నాను, ఎడమకి" అనేదాన్ని. చుట్టూ నా నడుమెత్తున పసుపు పువ్వులు. ఎంత బాగున్నాయో. వాటినంతగా నేను దేన్నీ అసహ్యించుకోలేదు.

పెద్దకాలవలో చెట్లకి వేలాడే నాచు ఏరేవాళ్ళ లాంచీ దొరికింది. డాక్టరు పేగు అప్పటికే చిట్లిందన్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

మీ అన్న కాళ్ళు రెండూ గవ్వపెంకులకి కోసుకుపోయాయి. అలాగే బురదతో ఆసుపత్రి వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. పిల్ల కళ్ళు తెరిచాక ఇల్లు, కోళ్ళు ఒంటిగా ఉన్నాయని వెనక్కి వెళ్ళిపోయాడు. నాకు పిల్ల దగ్గర్నుంచి కదలడానికి లేదు. నువ్వు రాదలుచుకుంటే ఇప్పుడు రా. ఆయన ఒక్కడే ఉన్నాడు. అదే నాకు భయంగా ఉంది.

క్లెలీ

---

లాక్ మాలో
సెప్టెంబర్ 4, 1949

వదినా,

నేనొచ్చి పదిరోజులు దాటింది. కాగితం ముందేసుకుని కూర్చోవడం, లేచిపోవడం, ఇదే అవుతోంది.

పెద్దకాలవ దాకా టపా పడవలో వచ్చాను. మలుపు తిరగ్గానే చెరువు కోసం చూశాను. చెరువు కనపడలేదు. టపా వాడితో, "ఇది కాదయ్యా, మనం వేరే దారి పట్టాం" అన్నాను. అతను తెడ్డుతో చూపించాడు. అంత దూరాన ఆకుల మీద మన ఇంటి కప్పు, రేకు పొయ్యిగొట్టం. నేలమీద కట్టిన ఇల్లులాగే ఉంది. పువ్వులు రాలిపోయాయి. దుద్దులు గోధుమరంగుకి తిరిగి మెడలు వంచుకున్నాయి. గాలి తోలినప్పుడల్లా గింజలు గలగలమంటాయి. నేనదేదో సరదాగా ఉంటుందనుకున్నాను. రోజంతా వింటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

అన్నయ్య నన్ను చూసి, "వచ్చావా" అన్నాడు. అంతే. దినమంతా చెరకు కొట్టే కత్తి పట్టుకుని తామరలో దారి కొడుతున్నాడు. మన మెట్ల దగ్గర్నుంచి కాలవ వైపు. కోసిన తూళ్ళని రెండు పక్కలకీ విసురుతాడు, అవి కుళ్ళి కంపు. "ఎందుకన్నయ్యా, ఈ నీళ్ళలో ఇల్లు ఎలాగూ కదలదు కదా" అన్నాను. "ఇంటికి కాదు. పిల్లకి" అన్నాడు. మళ్ళీ వంగి కొట్టుకుంటూ పోయాడు.

గాలాలకి చేప పడడం లేదు. ముదురు గింజలు వేయించి, పెంకు పగలగొట్టి, దంచి జావ కాస్తున్నాను. అమ్మకి ఆ షితిమాషా తెగ ముసలామె చెప్పిన పద్ధతిలో దుంపలు తవ్వి ఉప్పుమాంసంతో ఉడకబెడుతున్నాను. అన్నయ్య తింటాడు, బాగుందనీ అనడు, బాగోలేదనీ అనడు. తామర మమ్మల్ని పోషిస్తోందో, తినేస్తోందో తెలియడం లేదు.

నేను రాసిన గీత కింది మాటలు నువ్వు మర్చిపో అని అడగను. ఎర్లిన్‌ని ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

ఒజియా

---

మా అక్క ఇంటి నుంచి, బ్రో బ్రిడ్జ్
అక్టోబర్ 16, 1949

ఒజియాకి,

ఎర్లిన్ నడుస్తోంది. కొంచెం పక్కకి ఒరుగుతుంది, అది పోతుందన్నాడు డాక్టరు. ఊరికే కూర్చోబెట్టడమెందుకని బడిలో వేశాం. అక్కడ మన ఫ్రెంచి మాట్లాడితే గోడ వైపు తిప్పి నిలబెడతారట. రెండ్రోజులు నిలబడింది, మూడోరోజు నుంచి నోరు తిరిగింది. నిన్న నేనేదో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చింది. అక్క మురిసిపోయింది. నేను నవ్వాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి, ఆరిన బట్టలనే మళ్ళీ తడిపి, పిండి ఆరేశాను.

నువ్వన్న కరెంటు దీపం కిందే కూర్చుని ఇది రాస్తున్నాను. గుచ్చినట్టుంటుంది దాని వెలుగు. ఈ ఇల్లు కదలదు, తెలుసా? పడవలో ఎవరైనా వెళ్తే కాళ్ళ కింద నేల ఊగేది కదా, ఇక్కడ ఊగదు. పక్కమీద పడుకుంటే నిద్ర పట్టదు. నేనే కదా రావాలన్నది. నవ్వుకో.

పిల్లకి దారి కొడుతున్నాడన్నావు. అంటే మేం తిరిగి అక్కడికే వస్తామనుకుంటున్నాడన్నమాట. ఆయనతో చెప్పు, ఎర్లిన్‌ని మళ్ళీ ఆ ఆకుల్లోంచి తీసుకురాను. కావాలంటే నన్ను వదిలెయ్యమను. కాదు, ఆ చివరి మాట చదవకు. మొదటిది చదువు.

ఇంకోటి. మొన్న టపా వాడు ఇటు వచ్చినప్పుడు మాటల్లో అన్నాడు, నువ్వు రెండు పెద్ద పెట్టెలతో దిగావట. కుట్టుమిషను కూడా ఉందట. చూసిపోవడానికొచ్చినదానికి కుట్టుమిషనెందుకే? డోవిక్ ఏడి? నీ ఉత్తరంలో మొదటిసారి అతని పేరే లేదు. నేను అన్నీ చదువుతాను.

క్లెలీ

---

లాక్ మాలో
జనవరి 8, 1950

వదినా,

నీ ప్రశ్నకి ఇన్నాళ్ళూ జవాబు రాయకుండా తప్పించుకున్నాను. నువ్వు పంపిన క్రిస్మస్ కార్డుకి కూడా ఊరికే ఒక దండం పెట్టి వదిలేశాను.

డోవిక్ పోర్ట్ ఆర్థర్‌లో లేడు. నిరుటి ముందరేడు ఓడెక్కి వెనెజువేలా వెళ్ళాడు, మారకైబో అనే చోట నూనెబావుల్లో పని. మొదట్లో ఉత్తరాలొచ్చేవి. తర్వాత పండక్కొక కార్డు. తర్వాత అదీ లేదు. అక్కణ్ణుంచొచ్చిన ఒకతన్ని అడిగితే, "వాడు బాగానే ఉన్నాడమ్మా" అని నా ముఖం చూడకుండా చెప్పాడు. ఇంకేం అడుగుతాను? ఆ గదిలో ఒక్కదాన్నే ఉండి మీకు ఉత్తరాలు రాసేదాన్ని. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు అని రాస్తుంటే, పక్కగదిలో ఉన్నట్టే అనిపించేది. తిరిగి రావడానికి నాకు ఈ చెరువు ఒక్కటే ఉంది. మీరు దాన్ని వదిలేస్తామంటే అందుకే కదలొద్దని రాశాను. అదీ సంగతి.

ఇక ఇక్కడి సంగతి. నీళ్ళు ఎక్కాయి. చలికి తామరంతా మాడి కిందికి ఒరిగి మునిగిపోయింది. మొన్న పొద్దున్న తలుపు తీస్తే, వదినా, చెరువు! గుడి మలుపు దాకా తళతళలాడుతూ నీళ్ళు. బాతులు. అన్నయ్య చొక్కా కూడా లేకుండా వరండాలోకొచ్చి, "చూశావా ఒజియా! నేను చెప్పలా? తిరిగొచ్చింది" అన్నాడు. అన్ని నెలల తర్వాత నవ్వాడు. "టగ్గూ వద్దు, గిగ్గూ వద్దు. వసంతానికి క్లెలీని, పిల్లని తీసుకొచ్చేస్తాను" అన్నాడు.

నేనూ నమ్మేశాను. నాకంటే ఎక్కువగా ఎవరు నమ్మాలనుకుంటారు? గబగబా దోనె తీసుకుని నడిమధ్యకి పోయాను. చిన్నప్పటిలాగే ఉంది. మునుపు మేం ఈతకి దిగేచోట గెడ వేశాను. కాస్త దిగి మెత్తగా కూరుకుంది. కుమ్మితే దుంప తగిలింది. ఇంకో చోట వేశాను, దుంప. సాయంత్రం దాకా ఆ చెరువంతా గెడతో పొడుచుకుంటూ తిరిగాను. అడుగంతా అవే, ఒకదాన్నొకటి పట్టుకుని పడుకునున్నాయి, వేడి తగిలితే లేవడానికి. అమ్మ దిబ్బ దగ్గరికీ వెళ్ళాను. శిలువ అడ్డకర్ర మాత్రం బురద పైన ఉంది.

ఇంటికొచ్చాను. అన్నయ్య పాటొకటి కూనిరాగం తీస్తూ వల సవరిస్తున్నాడు. ఏమని చెప్పను? కదలొద్దన్నది నేనే.

ఒజియా

---

బ్రో బ్రిడ్జ్
ఫిబ్రవరి 12, 1950

పిచ్చిదానా,

రెండేళ్ళుగా ఒంటరిగా పడి ఉండి, నాకు ఒక్క ముక్క రాయాలనిపించలేదా? నేను కరకట్ట పిల్లనని కాబోలు. నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది, తర్వాత మా అక్క చూస్తుండగానే ఏడ్చాను. నేను అనుకున్నది ఏమిటో తెలుసా? నీకు మా కష్టం పట్టదు, ఊళ్ళో హాయిగా ఉండి పువ్వులు అడుగుతున్నావని. నువ్వేమో నేను దీపాల కోసం మీ అన్నని లాగుతున్నాననుకున్నావు. బాగుంది మన ఇద్దరి తెలివి.

ఇప్పుడు విను. డోవిక్ సంగతి నీ నోటితో నువ్వు ఎత్తేదాకా ఎవరికీ చెప్పను. మా ఇంట్లో నీకో గది ఉంది. ఇల్లు ఎక్కడుంటే గది అక్కడ. నీ కుట్టుమిషనుకి కిటికీ పక్క చోటు. దీని మీద చర్చ లేదు.

టగ్గు వాడితో మా బావ మాట్లాడాడు. ఇరవైనాలుగున వస్తాడు, నీళ్ళుండగానే. మీ అన్న రానంటే బలవంతం చెయ్యకు. నేను చెప్పలేను, నువ్వు చెప్పలేవు. ఆయన్ని బురదలో తాడు లాగిన రోజు చూశాను కాబట్టి ఇంక నాకు గట్టిగా అరిచే నోరు లేదు.

వస్తే మాత్రం ఒక్కటి చెయ్యి. కరకట్ట దగ్గర ఇల్లు ఆపేటప్పుడు గుమ్మం నీళ్ళ వైపే ఉంచమను. అక్కడ అందరూ రోడ్డు వైపే పెట్టుకుంటారు, నేనూ ఒకప్పుడు అలాగే కోరుకునేదాన్ని. ఆయన పొద్దున్న లేచి తలుపు తీస్తే కరకట్ట గడ్డి కనపడకూడదు. రోడ్డు వైపు కావాలని నేను పోట్లాడనని చెప్పు.

క్లెలీ

---

కరకట్ట కింద నుంచి
ఫిబ్రవరి 26, 1950, ఆదివారం

వదినా,

చూశావు కదా పైన ఏం రాశానో. వచ్చేశాం.

నీ ఉత్తరం టగ్గుతోపాటే వచ్చింది. టగ్గు వాడే జేబులోంచి తీసిచ్చాడు. విప్పే తీరికెక్కడిది? అన్నయ్య అప్పటికే వరండా చివర నిలబడి ఉన్నాడు, ఇంటిని పక్కనున్న సైప్రస్ చెట్టుకి కట్టిన తాడు మీద చెయ్యి వేసి. "నేను పిలవలేదు, పొమ్మను" అన్నాడు. టగ్గు వాడు, "వేసవికి నేను వచ్చినా నీ ఇల్లు రాదు మొగుడా, తేల్చు" అని కేకలు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి ఆరోజు. ఆకాశమంతా అందులోనే ఉంది. ఉండిపోవడానికి అంతకంటే మంచి రోజు ఉండదు.

నేను వెళ్ళి తాడు ముడి విప్పడం మొదలుపెట్టాను. తడికి బిగిసిపోయింది, గోళ్ళు విరిగాయి. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, "ఒజియా, నువ్వా?" అన్నాడు. క్లెలీ అయితే సరే, నువ్వా అన్నట్టు. "నేనే అన్నయ్యా. నేను ఉండమంటే ఉన్నావు. ఇప్పుడు పోదామంటున్నాను. గెడ తెస్తాను, నువ్వే పొడిచి చూడు" అన్నాను. "నేను నీకంటే ముందే పొడిచి చూశాను" అన్నాడు. "చూసి?" అన్నాను. "చూసి పాట పాడుకున్నాను" అన్నాడు. ఆ పైన చెయ్యి తీసేశాడు. ముడి నాకు రావడం లేదని తనే కత్తితో కోశాడు.

ఇల్లు కదిలినప్పుడు నేను లోపలికి వెళ్ళి గిన్నెలు పట్టుకుని కూర్చున్నాను. పగలకుండా పట్టుకున్నానని చెప్పుకుంటున్నాను. అన్నయ్య వెనక వరండాలో నిలబడ్డాడు, దిబ్బ కనుమరుగయ్యేదాకా టోపీ చేతిలోనే ఉంది. పెద్దకాలవలో అలలకి ఇల్లు ఊగింది, నీకు చెప్పాలనిపించింది.

ఇక్కడ వాల్సిన్ మా కోసం కట్ట మీదే నిలబడి ఉన్నాడు. "ఏం, నడిచొచ్చారా ఇంత ఆలస్యం" అన్నాడు. ఇక్కడ చేపల షెడ్డులో తోళ్ళు తీసే పని ఉందట, నేను రేపట్నుంచి వెళ్తున్నాను. డోవిక్‌కి ఈ కొత్త అడ్రసు రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. రాయను. ఇవాళ్టికి రాయను.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం విప్పాను. గుమ్మం మాట చదివేసరికి ఇల్లు ఆపడం, కట్టడం, ఒడ్డుకి పలక వెయ్యడం అన్నీ అయిపోయాయి. ఏం చెయ్యను వదినా, గుమ్మం రోడ్డు వైపుంది. నేనడగలేదు, ఎవరూ అడగలేదు. టగ్గు వాడు తన తేలిక కోసం నీళ్ళ వైపే ఉంచి ఆపబోతుంటే అన్నయ్యే ఆపి, ఇంటిని పూర్తిగా ఇటు తిప్పించాడు. వాడు విసుక్కున్నాడు, వాల్సిన్ నవ్వాడు. నేను, "అన్నయ్యా, పొద్దున్న లేస్తే నీకు నీళ్ళు కనపడవు" అన్నాను.

"నీళ్ళు చూడాలంటే నేనే వెనక్కి వెళ్తాను, నాకు కాళ్ళున్నాయి" అన్నాడు. "పిల్ల బడిబస్సు ఇటే వస్తుంది. అది దిగినప్పుడు తలుపు తీసి ఉండాలి."

ఒజియా